స్మారక విద్యార్థివేతనము – దాసోహ దృష్టి

పెద్దలు లింగైక్యులైన పిమ్మట వారి పేరు నిలువవలెనని కోరుట మానవసహజము. ఒకప్పుడు ఆ కోరిక గద్దెగను, మంటపముగను, బావిగను, సత్రముగను రూపొందెడిది. నేడు చదువు విలువ తెలిసిన కుటుంబములలో అది పెక్కుచోట్ల విద్యార్థివేతనముగా పరిణమించుచున్నది. తండ్రి పేరనో తల్లి పేరనో కొంత ధనము బ్యాంకునందుంచి, దానిపై వచ్చు వడ్డీని ఏటేట ఒక విద్యార్థికో విద్యార్థినికో ఇచ్చు ఏర్పాటు చేయుదురు. మఠములును ఇట్టి నిధులను స్వీకరించి నడుపుచున్నవి. ఈ పద్ధతి మంచిది. మంచిదగుటచేతనే దానిని కొంత లోతుగా విచారింపవలసి యున్నది. చెడ్డదానిని గూర్చి విచారముతో పనిలేదు, విడిచిపెట్టిన చాలును.

ఈ నిధుల పత్రములందు సాధారణముగా కనబడు నియమము ఒక్కటే: ఫలానా పరీక్షలో అత్యధికముగా మార్కులు తెచ్చుకొన్నవారికి ఇది చెల్లును. కొందరు దాతలు దీనికి మరియొకటి చేర్చుదురు. ఆనర్సు స్థాయిలో ఉత్తీర్ణుడగుట మాత్రమే చాలదు, ఆ విద్యార్థి కళాశాల ఆవరణములో తోటివారికి సేవ చేసినవాడై యుండవలెనందురు. వినుటకు ఇది మేలైన మాట. మార్కులు బుద్ధిని చూపును గాని హృదయమును చూపవు. అయినను ఈ నియమము వెంట ఒక చిక్కు వచ్చి నిలుచును. ధనమిత్తుమని ముందుగా ప్రకటించి, సేవ చేసినవారిని వరుసలో నిలిపి, వారిలో ఎక్కువ సేవ ఎవరు చేసిరో తూచి, ఆ పైవానికి వెల చెల్లించినచో, అక్కడ మిగిలినది సేవయేనా? లేక కూలియా? కూలియైనచో తప్పేమియు లేదు. కాయకమును కైలాసముగా ఎంచిన సంప్రదాయమునకు కూలి నీచము కాదు. కాని కూలికి సేవ యని పేరు పెట్టుట మాత్రము అసత్యమగును.

ఈ ప్రశ్నను గాలిలో చర్చించుటకంటె, దీనిని పెద్ద యెత్తున ఆచరణలో పెట్టిన ఒక ఏర్పాటును చూచుట మేలు. అమెరికా సంయుక్త రాష్ట్రముల 33వ అధ్యక్షుడు హారీ ట్రూమన్ 1972 డిసెంబరు 26న మరణించెను. ఆ దేశమున అధ్యక్షులకు స్మారకములు నిర్మించుట పాత ఆచారమే. వాషింగ్టన్ నగరమున పాలరాతి మందిరములు, మింటినంటు స్తంభము ఇందుకు సాక్ష్యములు. ట్రూమన్ విషయమున మాత్రము అక్కడి చట్టసభలు వేరు త్రోవ తొక్కినవి. 1975లో వచ్చిన ఒక శాసనముచేత ఆయన పేరిట విద్యార్థివేతన సంస్థ యొకటి ఏర్పడెను. 1977లో తొలి విద్యార్థులు ఎన్నికైరి. డిగ్రీ చదువులో మూడవ యేట ఉన్న ప్రతిభావంతులలో, ప్రజాసేవయందు నిజమైన ఆసక్తిని చేతలలో చూపినవారిని దేశమంతట గాలించి, ఏటికి సుమారు 60 మందిని మాత్రము ఎన్నుకొనుట దీని పద్ధతి. వారి పైచదువునకు 30,000 డాలర్ల వరకు సాయము ఏర్పాటు చేయబడినది. అయితే ఒక ఒడంబడిక కలదు. పైచదువు ముగిసిన తరువాతి ఏడేండ్లలో మూడేండ్లైనను ప్రజాసేవారంగమున పని చేయవలెను. చేయనివాడు తీసికొన్న ధనమును వడ్డీతో తిరిగి చెల్లింపవలెను.

ఇందులో ఒక విశేషమున్నది. ఎవరి పేరిట ఇన్ని వందలమంది పట్టభద్రులైరో ఆ ట్రూమన్ స్వయముగా పట్టభద్రుడు కాడు. మిస్సోరీ రాష్ట్రమున రైతు కుటుంబమున పెరిగి, ఇంటి ఆర్థికస్థితి సాగక కళాశాల చదువునకు దూరమై, చాలకాలము సేద్యము చేసెను. నడివయస్సులో రాత్రివేళ న్యాయశాస్త్ర పాఠశాలకు రెండేండ్లు వెళ్లినను అదియు పూర్తి కాలేదు. డిగ్రీ లేక అధ్యక్షపదవి నిర్వహించినవారిలో ఆయనయే చివరివాడు. తనకు దక్కనిది ఇతరులకు దక్కుట కంటె స్మారకమునకు తగిన రూపము మరియొకటి యుండదు. బసవేశ్వరుడు రాతి గుడికంటె నడయాడు దేహమును పూజ్యముగా ఎంచెనని ఎరిగిన చదువరులకు, విగ్రహమునకును విద్యార్థికిని గల భేదమును వేరుగా వివరింప నక్కరలేదు. విగ్రహము కట్టినచోటనే యుండును. విద్యార్థి ఊరూర తిరుగును.

పై ఒడంబడికను మరల పరిశీలింపవలెను. అక్కడ ధనము గడచిన సేవకు బహుమానముగా ఈయబడుటలేదు. గడచిన సేవను చూచుట ఒక ఆనవాలు కొరకే. ధనమిచ్చునది రాబోవు సేవకు. కనుక అది బహుమతికంటె ఋణమునకు దగ్గర. తీర్చవలసినది మాత్రము ఇచ్చినవానికి కాదు, లోకమునకు. ఈ చిన్న మార్పు ప్రశ్న స్వరూపమునే మార్చివేయును. బహుమతి పొందినవాడు సభలో శాలువ కప్పించుకొని ఇంటికి పోవచ్చును, అతని పని ముగిసినది. ఋణము తీసికొన్నవాని పని అప్పుడే మొదలగును. మన నిధుల పత్రములు దాదాపు అన్నియు మొదటి రీతిలో వ్రాయబడినవే. రెండవ రీతి మన ఆచారమునకు పరాయిదని యెవరైన అనుకొనినచో అది పొరపాటు. మఠమున అన్నము తిని చదువుకొన్నవాడు ఉద్యోగస్థుడైన పిమ్మట తన మొదటి జీతములో కొంత ఆ వంటశాలకు పంపుట ఏ పత్రము వ్రాసి చేసిన పని?

అయినను మొదటి చిక్కు పూర్తిగా తొలగలేదు. రాబోవు సేవకు ధనమిచ్చినను, ఎన్నికలో గడచిన సేవను చూడక తప్పదు. చూతురని తెలిసిన వెంటనే చూపుటకై చేయువారు పుట్టుదురు. ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. మన దేశమున గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24న, జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో సుమారు 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమైనది. ‘నేను కాదు, నీవు’ అని భావము వచ్చు మాటను అది తన ఆదర్శవాక్యముగా పెట్టుకొన్నది. అందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను, ఒక ప్రత్యేక శిబిరమున పాల్గొనవలెను. పూర్తిచేసినవారికి యోగ్యతాపత్రము లభించును. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2020–21 విద్యాసంవత్సరపు సంస్కరణలతో సమాజసేవా ప్రాజెక్టు చదువులోనే భాగముగా చేర్చబడినది. ఇవన్నియు సదుద్దేశముతో ఏర్పడినవే. కాని గంటలు లెక్కపెట్టుట ఆరంభమైన చోట, గంటలు నింపుటయు ఆరంభమగును. మొక్క నాటునప్పుడు చుట్టును పదిమంది చేతులు వేసి ఛాయాచిత్రము తీయించుకొందురు. ఆ మొక్కకు వేసవిలో నీరు పోసినవాడెవడో ఏ పుస్తకమందును ఉండదు.

ఇందుకు ప్రతివాదము కూడ బలమైనదే. దానిని తేలికగా తీసివేయరాదు. పసివాడు అరచేత ఇష్టలింగమును పెట్టుకొని కన్నులు మూసికొనుట మొదట తల్లిని చూచి చేయు అనుకరణమే. వానికి అప్పుడు ధ్యానమేమి తెలియును? అనుకరణము అలవాటగును, అలవాటులో ఎప్పుడో ఒకనాడు అర్థము ప్రవేశించును. అట్లే యోగ్యతాపత్రము కొరకు గ్రామమునకు పోయిన యువకుడు, అక్కడ కంటిచూపు మందగించిన వృద్ధురాలికి పింఛను కాగితము చదివి పెట్టి, ఆమె ముఖములోని ఊరటను చూచి, మరుసటి వారము ఎవరును పిలువకయే పోవచ్చును. ఫలాపేక్షతో మొదలైన పనియంతయు ఫలాపేక్షతోనే ముగియవలెనను నియమము లేదు. కనుక సేవను ప్రోత్సహించుట తప్పనువారు అతివాదులు. ప్రోత్సాహము వేరు, వెల వేరు. ఎక్కడ మొదటిది రెండవదిగా మారునో కనిపెట్టి యుండుటయే కష్టమైన పని.

దీనిని కనిపెట్టుటకు శరణుల చరిత్రలలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ కంటె మంచి కొలబద్ద దొరకదు. బియ్యపుగింజలు ఏరుకొనుటయే మారయ్య కాయకము. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన గింజలను ఏరి తెచ్చెడివాడు, ఆ బియ్యముతో లక్కమ్మ వండి జంగమార్చన చేసెడిది. ఒకనాడు మారయ్య మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. మనకు కావలసినది ఇంత కాదుగదా, ఈ అధికము ఎందుకు, ఈ ఆశ ఎక్కడిది అని భర్తను నిలదీసి, మిగిలినదానిని ఉన్నచోటనే పోసి రమ్మని పంపెను. కథలో గమనింపదగినది, మారయ్య దొంగతనము చేయలేదు. గింజలు నేలపై పడియున్నవే. ఇచ్చువారికి అభ్యంతరము లేదు. అయినను పుచ్చుకొనువారి వైపున ఒక హద్దు కలదనియు, ఆ హద్దును గుర్తించు భారము పుచ్చుకొనువారిదే యనియు ఆమె నిర్ణయించెను.

విద్యార్థివేతనమును గూర్చిన చర్చలలో ఇచ్చువాని గుణమునే పొగడుట పరిపాటి. పుచ్చుకొనువానికి మిగులునది కృతజ్ఞత యొక్కటే. లక్కమ్మ దృష్టిలో అట్లు కాదు. పుచ్చుకొనువాడు కూడ ధర్మమును నిర్ణయించు కర్తయే. తనకు అవసరము లేనప్పుడు వద్దని చెప్పగలుగుట, సగము చాలునప్పుడు సగము వెనుకకు పంపగలుగుట అతని హక్కు, బాధ్యత కూడ. నిధి పత్రములో ఇట్టి అవకాశము పెట్టుట దాతకు అవమానము కాదు. ఎన్నికైన విద్యార్థి, తనకు ఇంటినుండి సాయమున్నదని చెప్పి, గౌరవమును మాత్రము స్వీకరించి, ధనమును తన వెనుకనున్న వానికి విడువవచ్చునని ఒక వాక్యము వ్రాసినచో ఎంత నష్టము? అట్లు విడిచినవాడు కళాశాలలో ఎన్ని గంటలు సేవ చేసెనని మరల అడుగ నక్కరయుండదు.

దానమునకును దాసోహమునకును గల భేదము ఇక్కడనే స్పష్టమగును. దానమునందు ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద. దాసోహమునందు ఇచ్చువాడే దాసుడు. పుచ్చుకొనువాడు జంగమరూపమున వచ్చి, ఇచ్చువాని సంపదకు ఒక సార్థకత కలిగించుచున్నాడు. ఈ మాటను ఉపన్యాసములలో అందరును చెప్పుదురు. వేదికపై దాత కూర్చుండి, పేద విద్యార్థిని నిలువబెట్టి, అతని పేదరికమును శబ్దవర్ధకములో వర్ణించి, కవరు చేతికిచ్చు సమయమున మాత్రము అది ఎవరికిని స్మరణకు రాదు.

ఇంతకంటె తీవ్రమైన లోపము సేవానియమములోనే దాగి యున్నది. దానిని దాతలు తరచుగా గమనింపరు. కళాశాలలో సేవ చేయుటకు తీరిక కావలెను. తీరిక ఎవరికి ఉండును? రక్తదాన శిబిరమును నిర్వహించుటకు, వార్షికోత్సవ సంఘములో తిరుగుటకు, సాయంకాలము ఆరు గంటలవరకు ఆవరణములో ఉండగలవాడు, ఇంటి బాధ్యత లేనివాడు. మధ్యాహ్నము తరగతులు ముగిసిన వెంటనే బస్సు పట్టుకొని పోయి, అంగడిలో లెక్కలు వ్రాసి, రాత్రి తమ్మునికి పాఠము చెప్పు విద్యార్థిని ఏ సంఘములోను సభ్యురాలు కాదు. ఆమె సేవకు సాక్షులు లేరు. ప్రతిభతోపాటు సేవను చూతుమను నియమము, ఉద్దేశము లేకయే, కలిగినవారి పిల్లలకు రెండవ మెట్టు వేసినట్లగును. మార్కులైనను పేదవానికి ఒక్కొక్కప్పుడు దక్కును గాని తీరిక దక్కదు.

ఈ అన్యాయమునకు ఒక విద్యాసంస్థ కనుగొనిన ఉపాయము తెలిసికొనదగినది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున బెరియా యను చిన్న ఊరు కలదు. బానిసత్వమును వ్యతిరేకించిన జాన్ ఫీ యను మతాచార్యుడు 1855లో అక్కడ స్థాపించిన పాఠశాల క్రమముగా కళాశాల యైనది. 1892 మొదలుకొని అక్కడ విద్యార్థులనుండి బోధనా రుసుము పుచ్చుకొనరు. అక్కడ ప్రతి విద్యార్థియు, ఎంతటి ప్రతిభావంతుడైనను, వారమునకు కనీసము పది గంటలు పని చేయవలెను. వంటశాల, తోట, గ్రంథాలయము, చీపుళ్లు కట్టుట, మగ్గము నేయుట, కొయ్యపని, కార్యాలయము, ఇరుగుపొరుగు గ్రామముల పిల్లలకు చదువు చెప్పుట – ఏదో ఒకటి. ఆ పనికి కొంత వేతనము కూడ కలదు. అందరును చేయుదురు గనుక ఎవరును చూపుకొనుటకు చేయరు. గదులు ఊడ్చువానికిని గణితములో ప్రథముడైనవానికిని అక్కడ భేదములేదు, ఇద్దరును ఒక్కడే కావచ్చును. కాయకమను మాట ఆ దేశమువారు వినియుండరు, అయినను దాని ఆచరణ అక్కడ నూరేండ్లకు పైగా సాగినది.

బెరియా చరిత్రలో మరియొక అధ్యాయము వీరశైవులకు కల్యాణమును గుర్తుకు తెచ్చును. అంతర్యుద్ధానంతరము 1866 నుండి నల్లవారును తెల్లవారును అక్కడ ఒకే తరగతిలో కూర్చుండి చదివిరి. దక్షిణ రాష్ట్రములలో ఇది ఊహింపరాని సంగతి. అది అక్కడి పాలకులకు కంటగింపై, 1904లో కెంటకీ శాసనసభ రెండు జాతులవారికి ఒకేచోట చదువు చెప్పుట నేరమని చట్టము చేసెను. కళాశాల న్యాయస్థానమునకు పోయెను. 1908లో అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టమునే సమర్థించెను. అప్పుడు కళాశాలవారు నల్లవారి విద్యకై వేరుగా ధనము సమకూర్చి, లింకన్ పేరిట మరియొక విద్యాలయమును నెలకొల్పిరి. 1950లో ఆ చట్టము సడలింపబడిన తరువాతనే నల్ల విద్యార్థులు తిరిగి బెరియాలో అడుగుపెట్టిరి. హరళయ్య, మధువరసుల ఇండ్ల వియ్యమునకు బిజ్జలుని కొలువు విధించిన శిక్షతో దీనిని సమానము చేయుట అతిశయోక్తి యగును. అయితే కలిసి కూర్చుండుటను నేరము చేయు రాజ్యములు ఒక్క యుగమునకు, ఒక్క దేశమునకు పరిమితములు కావని మాత్రము తెలియును.

ఇక స్మారకము విషయము. ఎవరి పేర? ఆ పేరు వెనుకనున్న జీవితమెట్టిది? ఇది కుటుంబములు మాటలాడుటకు సంకోచించు ప్రశ్న. లోకమున విద్యార్థివేతనములలో మిక్కిలి ప్రఖ్యాతమైనది సెసిల్ రోడ్స్ పేరిటిది. 1902లో మరణించిన రోడ్స్ కింబర్లీ వజ్రపు గనులలో అపారధనము గడించి, కేప్ రాజ్యమునకు ప్రధానమంత్రియై, ఆఫ్రికావాసుల భూములను, హక్కులను హరించు విధానములను నడిపినవాడు. ఆతని మరణశాసనమున ఆక్స్‌ఫర్డులో చదువబోవు విద్యార్థులకు ఉండదగిన గుణములు చెప్పబడినవి. చదువు, ఆటలయందు ఆసక్తి, సత్యము, ధైర్యము, కర్తవ్యనిష్ఠ, సహచరులయందు శ్రద్ధ వానిలో కలవు. దుర్బలులకు రక్షణగా నిలుచుట కూడ కలదు! దుర్బలులను అణచి కూడబెట్టిన ధనము, దుర్బలులను కాపాడువానికి ఈయబడవలెనట. ఇంతటి విడ్డూరము పురాణములలో కూడ కనబడదు. జాతి, మతములనుబట్టి ఎవరిని తిరస్కరింపరాదని కూడ ఆ పత్రమున వ్రాసియున్నది. కాని 1907లో ఆలెన్ లాక్ అను నల్ల విద్యార్థి ఎన్నికై వెళ్లినప్పుడు ఆక్స్‌ఫర్డు కళాశాలలు కొన్ని ఆయనను చేర్చుకొనలేదు. స్త్రీలకు 1977 వరకు అందు ప్రవేశమే లేదు.

ఆ రోడ్స్ ధనముతోనే 1960లో ధారవాడనుండి ఆక్స్‌ఫర్డు వెళ్లి చదువుకొన్నవాడు గిరీశ్ కర్నాడ్. ముప్పదేండ్ల తరువాత, 1990లో, బసవేశ్వరుని కల్యాణక్రాంతిని వస్తువుగా తీసికొని ‘తలెదండ’ నాటకమును రచించినవాడు ఆయనయే. 2015లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆందోళన చేసి రోడ్స్ విగ్రహమును ఏప్రిల్ 9న తొలగింపజేసిరి. ఆక్స్‌ఫర్డులోను అట్టి కోరిక పుట్టినది. కోరినవారిలో రోడ్స్ వేతనము పొందినవారును ఉండిరి. తిన్న ఇంటివాసాలు లెక్కించుటయని కొందరు వారిని నిందించిరి. ఈ నింద నిలువదు. నేలలోని వజ్రము రోడ్స్ సృష్టించినది కాదు, త్రవ్విన చేతులు అతనివి కావు. ధనము తిరిగి లోకమునకు పోవుచున్నప్పుడు దానిని పుచ్చుకొన్నవాడు సంపాదించిన తీరును కూడ సమర్థింపవలెననుట, నోరు మూయుటకై ఇచ్చు ధనమునకు చెల్లును గాని విద్యకిచ్చు ధనమునకు చెల్లదు.

ట్రూమన్ పేరును మచ్చలేనిది కాదు. 1945 ఆగస్టు 6న హిరోషిమా పైనను, 9న నాగసాకి పైనను పడిన అణుబాంబులు ఆయన అనుమతితో పడినవే. 1956లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము, డిగ్రీ లేని ఈ మనుష్యునికి గౌరవపట్టము నీయ సంకల్పించినప్పుడు, ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్ అను తత్త్వశాస్త్ర అధ్యాపకురాలు సభలో లేచి వ్యతిరేకించెను. నిరపరాధులను ఒక ప్రయోజనమునకు సాధనముగా చంపుట హత్యయే, అట్టి పని చేసినవానిని గౌరవించుట ఆ పనిలో పాలుపంచుకొనుట యని ఆమె వాదము. ఆమె పక్షమున నిలిచినవారు బహుస్వల్పులు. పట్టము ఇచ్చిరి. ఆమె మాట మాత్రము నేటికిని చదువబడుచున్నది. ఈ విషయమున ఒక భేదమును చూపవలెను. గౌరవపట్టము ఆ మనుష్యుని తలపై పెట్టు కిరీటము. విద్యార్థివేతనము ఆయన పేరు వ్రాసియున్న గిన్నెలోని అన్నము. మొదటిదానికి ఆన్‌స్కోంబ్ చెప్పిన అభ్యంతరము పూర్తిగా వర్తించును. రెండవదానికి వర్తింపదు. కాని గిన్నెమీది పేరును చదివి, ఆ మనుష్యుడు చేసిన మంచిని చెడును రెండింటిని తెలిసికొను బాధ్యత తినువానికి కలదు. సేవాశీలురను ఎన్నుకొను ఏర్పాటు ఈ విచారమును ప్రోత్సహింపవలెనే గాని, ఏటేట దాత ప్రశస్తిని వ్యాసముగా వ్రాయించుట తగదు. చనిపోయినవానికి ఆ ప్రశస్తి వినబడదు, బ్రతికియున్న పిల్లవానికి అబద్ధమాడుట నేర్పబడును.

మన సమాజమున ఇట్టి త్యాగమునకు శిరసంగి లింగరాజ దేశాయి పేరు చాలును. 1904లో హానగల్ కుమారస్వాముల ప్రేరణతో ఏర్పడిన అఖిల భారత వీరశైవ మహాసభకు తొలి అధ్యక్షుడాయన. 1906లో లింగైక్యుడగునాటికి తన సంస్థానపు ఆస్తిని విద్యార్థుల చదువునకై వినియోగింపవలెనని మరణశాసనము వ్రాసియుంచెను. ఆ నిధితో చదివినవారు తరతరములుగా కన్నడదేశమున అన్ని రంగములలోను వ్యాపించిరి. ఏడుగురు ఉపాధ్యాయులు బెళగావిలో 1916లో ఆరంభించిన కర్ణాటక లింగాయత విద్యాసంస్థ, 1933లో నెలకొల్పిన కళాశాలకు ఆయన పేరు పెట్టినది. ఆ పేరు ఆయన అడిగి పెట్టించుకొన్నది కాదు. తరువాతివారు పెట్టినది. అడిగి పెట్టించుకొన్న పేరునకును, ఇతరులు తలచి పెట్టిన పేరునకును గల తేడా, తెలుగున పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారికి సుపరిచితమే. అందు కీర్తింపబడిన భక్తులలో ఒక్కడైనను తన కథ వ్రాయుమని కవిని వేడలేదు.

ఇక ఆచరణము మాట. ఒక కుటుంబము గాని మఠము గాని ఇట్టి నిధిని నేడు నెలకొల్పదలచినచో పత్రమును ఎట్లు వ్రాయవలెను? సేవ యను పదమును వ్రాసి ఊరకుండరాదు, ఇంటిపనియు, కూలిపనియు, చెల్లెండ్రను చదివించుటయు సేవయే యని స్పష్టముగా వ్రాయవలెను. కళాశాలలో చేసినదానిని విచారించునప్పుడు యోగ్యతాపత్రముల కట్టను చూచుటకంటె, వసతిగృహపు వంటవానిని, గ్రంథాలయ సహాయకుని, ద్వారపాలకుని అడుగుట మేలు. చూపులేని విద్యార్థి పరీక్షకు వచ్చి ఏటేట ఎవరు కూర్చుండి వ్రాసిపెట్టిరో ఆ విద్యార్థికే తెలియును. ప్రధానాచార్యునికి తెలియదు. ఎంపిక చేయువారిలో ముందు ఏండ్ల విద్యార్థి ఒకడైనను ఉండవలెను. పేదరికమును నిరూపించు కాగితములు దాతకు కాక ఒక్క కార్యదర్శికి మాత్రము తెలిసిన చాలును.

నియమములను మార్చుకొను అధికారము కూడ పత్రమునందే ఉంచవలెను. రోడ్స్ పత్రమున స్త్రీలకు చోటు కల్పించుటకు 75 సంవత్సరములు పట్టినది. మన నిధులలో చిన్నవాటికి వేరొక ఆపద. ఇన్ని రూపాయలని అంకెవేసి వ్రాసినచో, ఇరువదేండ్లకు ఆ అంకె మిగులును గాని దాని విలువ మిగులదు. నాడు ఏడాది పుస్తకములన్నింటికి చాలిన మొత్తము నేడు ఒక్క పుస్తకమునకు చాలదు. అందుచేత అంకె వేయక, ‘ఒక విద్యార్థి యొక సంవత్సరపు పుస్తకములకును రుసుమునకును సరిపడునంత’ అని వ్రాసి, వడ్డీలో కొంత భాగమును ఏటేట మూలధనమునకు చేర్చుచుండవలెను. ఒక యేడు యోగ్యుడు లేడని తోచినచో ధనమును ఆపవచ్చునా యను ప్రశ్న వచ్చును. ఆపరాదు. యోగ్యుడు లేకపోవుట అరుదు, వెదకనివారు ఉండుట సాధారణము.

అన్నింటికంటె ముఖ్యముగా తేదీని చూడవలెను. పెక్కు నిధుల ధనము దాత వర్ధంతినాడు సభచేసి ఈయబడును, ఆ వర్ధంతి ఫాల్గుణములో వచ్చును, కళాశాల రుసుము మాత్రము ఆషాఢములో కట్టవలసి యుండును. ఈ నడుమ ఎనిమిది నెలలు ఆ విద్యార్థి తండ్రి అప్పు తెచ్చి వడ్డీ కట్టుచుండును. రుసుము గడువునకు పదునైదు దినములు ముందుగా ధనము కళాశాలకు చేరవలెను. సభ ఎప్పుడు పెట్టుకొన్నను సరియే.